మళ్లీ మొదటి పేజీ నుంచా, ఉన్నచోటు నుంచి ముందుకా?

2009లో జపాన్‌లో ‘వన్’ అనే కలంపేరుతో ఒక యువకుడు తన సొంత వెబ్‌సైట్‌లో ‘వన్ పంచ్ మ్యాన్’ అనే కామిక్ పెట్టడం మొదలుపెట్టాడు. ఎంతటి శత్రువునైనా ఒక్క గుద్దుతో పడగొట్టేసి, చివరికి ఆ గెలుపుతోనే విసుగెత్తిపోయిన బట్టతల వీరుడి కథ అది. బొమ్మలు చూస్తే మాత్రం ఎవరైనా పెదవి విరవాల్సిందే. ఒంటి కొలతలు ప్యానెల్‌కో రకంగా మారిపోతుంటాయి. ఊరంటే కొన్ని నిలువు గీతలు, వాటి మీద కిటికీల పేరుతో కొన్ని గళ్లు. అయినా జనం చదివారు. తర్వాతి ఎపిసోడ్ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూశారు.

2012లో, ‘ఐషీల్డ్ 21’తో అప్పటికే పేరు తెచ్చుకున్న యూసుకె మురాత అనే చిత్రకారుడు ఈ కామిక్‌ను కొత్తగా గీయడానికి ముందుకొచ్చాడు. ఆ ఏడాదే షుయేషా సంస్థ వెబ్ పత్రిక ‘టొనారి నో యంగ్ జంప్’లో కొత్త రూపం మొదలైంది. 2015లో యానిమే సీరియల్‌గా టీవీకెక్కింది. ఇప్పుడు ఎక్కువమందికి తెలిసిన బొమ్మలు మురాతవే. కానీ వన్ తన పాత పేజీలను తీసెయ్యలేదు, తిరగగీయలేదు. మురాత రూపం ఒకపక్క నడుస్తుండగానే, మధ్యమధ్య ఆగుతూనైనా, తన ముతక గీతలతోనే కథను ముందుకు తీసుకెళ్లాడు. మురాత చేతికి గీయడానికంటూ అంత కథ దొరికిందంటే, వన్ మొదటి ఎపిసోడ్ బొమ్మలు దిద్దుకుంటూ అక్కడే కూర్చోకపోవడం వల్లే.

నడుస్తున్న వెబ్‌కామిక్‌ను ఆపి మళ్లీ మొదటి నుంచి గీద్దామన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు కలగని చిత్రకారులు అరుదు. అది కలిగే సందర్భం కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. ఎనభయ్యో వందో పేజీలు అయ్యాయి. కొత్తగా పరిచయమైనవాళ్లెవరో చదువుతామన్నారు. లింకు పంపేముందు ఒకసారి మొదటి పేజీ తెరిచి చూసుకుంటే ప్రాణం చివుక్కుమంటుంది. నాయిక ముఖం ఇప్పటి ముఖంలా లేదు. రెండో పేజీలో అందరి చేతులూ జేబుల్లోనే ఉన్నాయి. అప్పట్లో వేళ్లు గీయడం రాక అలా దాచేసిన సంగతి చదివేవాళ్లకు తెలియకపోయినా గీసినవాళ్లకు తెలుసు. ఇది బాగు చేస్తే గానీ ఎవరికీ చూపించలేననిపిస్తుంది.

ఆ బాధ నిజమైనదే, కొట్టిపారేయదగ్గది కాదు. వంద పేజీలు గీస్తే చెయ్యి మెరుగుపడుతుంది. కన్ను అంతకంటే ముందుగా మెరుగుపడుతుంది. నిన్న కనిపించని తప్పు ఇవాళ కనిపిస్తోందంటే పని నేర్చుకుంటున్నట్టే. చిక్కేమిటంటే, సరిగ్గా ఇదే కారణం వల్ల తిరగగీతకు అంతు ఉండదు. అది అరవయ్యో పేజీకి చేరేసరికి చెయ్యి మళ్లీ మారిపోయి ఉంటుంది. కొత్తగా గీసిన మొదటి పేజీ మళ్లీ పాతబడి కనిపిస్తుంది. బొమ్మలు నచ్చకపోవడం ఒక్కటే కారణమైతే, ఏ ప్రయత్నంలోనైనా అది తిరిగి వచ్చి తీరుతుంది.

బ్రిటన్‌కు చెందిన టామ్ సిడెల్ 2005 ఏప్రిల్‌లో ‘గన్నర్‌క్రిగ్ కోర్ట్’ అనే వెబ్‌కామిక్ మొదలుపెట్టాడు. దాని తొలి అధ్యాయాల్లో మనుషుల ఆకారాలకూ, కొన్నేళ్ల తర్వాతి ఆకారాలకూ పోలికే కనిపించదు. ఆయన మొదటి అధ్యాయాలు అలాగే ఉంచేసి ముందుకు వెళ్లాడు. కొత్తగా చేరిన పాఠకుడికి అది అడ్డం కాలేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. గీసినవాళ్లు ఒక పేజీ మీద ఒక రోజంతా ఉంటారు. చదివేవాళ్లు దాని మీద ఉండేది కొన్ని సెకన్లు. పాత పేజీలన్నీ ఒక్క రాత్రి కూర్చుని చదివేవాడికి బొమ్మల్లో వచ్చే మార్పు నెమ్మదిగా, సహజంగా జరిగినట్టే ఉంటుంది.

పాత గీతల మీద పాఠకులకు అసహ్యం ఉండకపోగా మమకారం ఉండటానికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. రిచ్ బర్ల్యూ 2003 నుంచి గీస్తున్న ‘ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్’లో మనుషులు పుల్లల బొమ్మలే. గుండ్రటి తల, గీతల్లాంటి కాళ్లూ చేతులూ. అచ్చులో దొరకకుండా పోయిన దాని పాత సంపుటాలను మళ్లీ వేయడానికి 2012లో కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగితే 12 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. అడిగింది సుమారు 58 వేల డాలర్లే. జనం డబ్బు కట్టింది కొత్త బొమ్మల కోసం కాదు.

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. ఉద్యోగం చేసుకుంటూ వారానికి రెండు పేజీలు గీయగలిగే చిత్రకారిణి ఒకరున్నారనుకుందాం. కథ 120వ పేజీలో ఉంది. మొదటి నుంచి తిరగగీస్తే ఉన్నచోటికి రావడానికే 60 వారాలు పడుతుంది, అంటే ఏడాదీ రెండు నెలలు. ఆ కాలమంతా పాఠకులకు కొత్త సంగతి ఒక్కటీ ఉండదు. పోనీ వారానికి ఒకటి పాతది, ఒకటి కొత్తది అనుకుంటే 120 వారాలు. రెండేళ్లు దాటిపోతుంది, కథ వేగం సగానికి సగం పడిపోతుంది. ఇంతా చేసి చేరేది ఎక్కడికి? ఇప్పుడున్న 120వ పేజీకే. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా ఎవరూ తిరగగీతకు దిగకూడదు. ఉత్సాహంలో ఉన్నప్పుడు ‘పాతదేగా, త్వరగా అయిపోతుంది’ అనిపిస్తుంది. తెలిసిన బొమ్మే అయినా పెన్సిల్, ఇంకు, రంగు, అక్షరాలు అన్నీ మళ్లీ చెయ్యాల్సిందే.

దీనికి ఎదురు వాదన కూడా అంతే ప్రమాదకరం. ‘ఇన్నాళ్లు గీశాం కాబట్టి ఎలా ఉన్నా ఇలాగే లాగించాలి’ అనేది ఆ వాదన. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆర్క్స్, బ్లూమర్ 1985లో ప్రచురించిన పరిశోధనలో ఒక నాటకశాల సీజన్ టికెట్లతో ఈ గుణాన్ని పరీక్షించారు. కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు టికెట్లు అమ్మారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. పెట్టిన డబ్బు కాళ్లను నడిపించిందన్నమాట. వెబ్‌కామిక్‌లో డబ్బు స్థానంలో రాత్రులు ఉంటాయి. గడిచిన పేజీల మీది సిగ్గుతో మొదటికి వెళ్లడం, గడిచిన పేజీల మీది మమకారంతో మొండిగా సాగడం, రెండూ వెనక్కి చూసి తీసుకునే నిర్ణయాలే. చూడాల్సింది ఇంకా గీయని పేజీల వైపు. ఈ కథ చివరి పేజీకి చేరాలంటే ఏది సాయపడుతుంది? నిర్ణయం తీసుకోవడానికి ఈ ప్రశ్న చాలు. మిగతా ప్రశ్నలన్నీ దీని కిందికే వస్తాయి.

దీనికి జవాబు దొరకాలంటే అసలు చెడింది ఎక్కడో తెలియాలి. బొమ్మ చెడిందా, చెప్పే తీరు చెడిందా, కథ పునాదే చెడిందా? ఈ మూడింటినీ కలిపేసి ‘నా కామిక్ బాగాలేదు’ అనుకోవడం వల్లే మొదటికే మోసం వస్తోంది.

పరీక్ష చిన్నదే. కామిక్ మొత్తంలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టే పేజీ ఒకటి తీసుకుని, ఇప్పటి చేతితో దాన్ని మళ్లీ గీయాలి. ఎక్కడా పెట్టకూడదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఈ కథ ఎన్నడూ చదవని ఒకరికి చూపించాలి. ‘ఏది బాగుంది’ అని అడగకూడదు, కొత్తదే బాగుంటుంది. ‘ఇందులో ఏం జరుగుతోంది’ అని అడగాలి. పాత పేజీ చూసి కూడా వాళ్లు జరిగింది చెప్పగలిగితే చెడింది పైపూత మాత్రమే, దాన్ని వదిలేసి ముందుకు వెళ్లవచ్చు. రెండు పేజీలు చూశాక కూడా ‘ఈ అబ్బాయి ఎవరు, తలుపు దగ్గర నిలబడింది ఇతనేనా’ అని అడిగితే చెడింది చెప్పే తీరు. ప్యానెళ్ల వరస తప్పి ఉంటుంది, లేదా ఇద్దరు పాత్రలు ఒకేలా ఉంటారు, లేదా ఎక్కడ జరుగుతోందో చెప్పే ఒక్క ప్యానెల్ లేకుండా పోయి ఉంటుంది. అప్పుడు కావాల్సింది ఆ సన్నివేశానికి ఒకటి రెండు పేజీలు చేర్చడమో, ఉన్నవాటి వరస మార్చడమో. 120 పేజీలు తిరగగీయడం కాదు.

పునాది సంగతి వేరు. దాన్ని పరీక్షించాలంటే బొమ్మల జోలికే వెళ్లకూడదు. ఒక తెల్లకాగితం తీసుకుని, ఇప్పుడున్న పేజీ నుంచి చివరి పేజీ వరకు కథను పది పన్నెండు వాక్యాల్లో రాయాలి. రాయడం కుదిరితే, ఆ రాసింది చదువుతుంటే గీయాలనిపిస్తే, పునాది గట్టిదే. ఎక్కడో ఒకచోట ‘అంతకుముందు జరిగింది జరగకపోయి ఉంటే బాగుండేది’ అని రాయాల్సి వస్తే మాత్రం పెన్ను ఆపి ఆలోచించాలి. చచ్చిపోయిన పాత్ర బతికి ఉండాల్సింది. నలభయ్యో పేజీలోనే చెప్పేసిన రహస్యం ఇంకా దాగి ఉండాల్సింది. నవ్వుల కథగా మొదలైంది పగల కథగా మారిపోయింది. ఇలాంటివి బొమ్మలు దిద్దినందువల్ల బాగుపడేవి కావు.

పునాదే మార్చుకున్నవాళ్లలో అమెరికా చిత్రకారుడు డేవిడ్ విల్లిస్ కథ వివరంగా తెలుసుకోదగ్గది. 1997లో ఇండియానా యూనివర్సిటీ విద్యార్థుల పత్రికలో ఆయన ‘రూమీస్!’ మొదలుపెట్టాడు. హాస్టల్ గదుల్లో కాలేజీ కుర్రాళ్ల సరదా కథ. నడుస్తూ నడుస్తూ అందులోకి గ్రహాంతరవాసులు వచ్చారు. ‘ఇట్స్ వాకీ!’ అన్న తర్వాతి కామిక్‌కు వచ్చేసరికి అది పూర్తిగా గ్రహాంతరవాసులతో పోరాడే రహస్య సంస్థ కథ అయిపోయింది. ఆ తర్వాత 2005లో అవే పాత్రల్లో కొందరితో ‘షార్ట్‌ప్యాక్డ్!’ వచ్చింది, అది బొమ్మల దుకాణంలో పనిచేసేవాళ్ల కథ. ఒకే ప్రపంచం, మూడు రకాల కథలు, మధ్యలో బోలెడు మెలికలు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని పరిస్థితి.

2010 సెప్టెంబరులో విల్లిస్ ‘డంబింగ్ ఆఫ్ ఏజ్’ మొదలుపెట్టాడు. పాత కామిక్‌ల పాత్రలందరూ ఇందులో మళ్లీ కాలేజీ మొదటి ఏడాది పిల్లలు. గ్రహాంతరవాసులు లేరు. పాత సంఘటనలేవీ జరగలేదు. ఇదే ఇండియానా యూనివర్సిటీ, అవే పేర్లు, అవే స్వభావాలు, వేరే జీవితాలు. జాయిస్ అనే పాత్ర కరడుగట్టిన మతనిష్ఠ ఉన్న ఇంట్లో, బడికి పోకుండా ఇంట్లోనే చదువుకుని మొదటిసారి బయటి ప్రపంచంలో అడుగుపెట్టిన అమ్మాయి. ఆమెలో తన సొంత పెంపకం ఛాయలున్నాయని విల్లిస్ చెప్పుకున్నాడు. నమ్మకాలు ఒక్కొక్కటిగా సడలడాన్ని నెమ్మదిగా, రోజువారీ వివరాలతో చెప్పాలంటే గ్రహాంతరవాసులతో యుద్ధాలు చేసి వచ్చిన పాత జాయిస్‌తో కుదరదు. ఆ కథకు మొదటి రోజు కావాలి. మొదటి నుంచి మొదలుపెట్టడానికి ఇంతకంటే న్యాయమైన కారణం ఉండదు.

ఆయన చేసిన తీరు ఇంకా ముఖ్యం. పాత కామిక్‌లు తుడిచెయ్యలేదు. కొత్తదానికి పాత పేరు పెట్టలేదు. ‘షార్ట్‌ప్యాక్డ్!’ను ఆపి దీన్ని మొదలుపెట్టలేదు కూడా. రెండూ నాలుగేళ్లకు పైగా పక్కపక్కనే నడిచాయి, 2015 జనవరిలో ‘షార్ట్‌ప్యాక్డ్!’ తన ముగింపుకు చేరింది. పాత పాఠకులకు ఏదో లాగేసుకున్న భావన రాలేదు, కొత్త పాఠకులకు శుభ్రమైన తలుపు దొరికింది. ‘డంబింగ్ ఆఫ్ ఏజ్’ ఆయన కామిక్‌లన్నిటిలోకీ ఎక్కువ కాలం నడిచింది.

అందరికీ అంత ఓపిక, అంత వేగం ఉండవు. పునాది పాక్షికంగా చెడినప్పుడు లోపలి నుంచే సరిచేసే దారి ఒకటుంది, దాన్ని టిన్‌టిన్ కామిక్‌ల సృష్టికర్త హెర్జే చూపించాడు. ‘నల్లబంగారపు నేల’ కథను ఆయన 1939 సెప్టెంబరులో బెల్జియంలో పిల్లల వారపత్రిక కోసం మొదలుపెట్టాడు. 1940 మేలో జర్మన్ సేనలు బెల్జియంలోకి రావడంతో పత్రిక మూతపడింది, కథ ఎడారి మధ్యలో ఆగిపోయింది. ఎనిమిదేళ్లు గడిచాయి. 1948 సెప్టెంబరులో ‘టిన్‌టిన్’ పత్రికలో దాన్ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేటప్పటికి ఒక పెద్ద చిక్కు వచ్చి పడింది. ఈ మధ్యలో కెప్టెన్ హాడాక్ అనే పాత్ర పుట్టింది. 1941 నుంచి ఆయన లేకుండా టిన్‌టిన్‌ను ఊహించుకోలేని పాఠకులు తయారయ్యారు. కానీ 1939లో అల్లిన కథలో హాడాక్‌కు చోటే లేదు.

హెర్జే ఆ కథను పారేసి హాడాక్ చుట్టూ ఇంకో కథ అల్లవచ్చు. ఆయన అలా చెయ్యలేదు. కథ మొదట్లోనే యుద్ధం ముంచుకొస్తోందని హాడాక్‌కు నౌకాదళం నుంచి పిలుపు వచ్చినట్టు పెట్టి పంపించేశాడు. మధ్యలోని పాత కథ దాదాపు అలాగే నడిచింది. చివర్లో సరిగ్గా ఆపద వేళకు హాడాక్ ఊడిపడతాడు. ఎలా వచ్చాడు? ఆయన చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా ఏదో ఒక అడ్డం వస్తుంది, కథ అయిపోయినా ఆ సంగతి బయటపడదు. కథలో ఉన్న లోపాన్నే ఆయన పాఠకుడు నవ్వుకుంటూ గుర్తుపెట్టుకునే చమత్కారంగా మార్చేశాడు. నలభయ్యో పేజీలో తప్పటడుగు పడిందని బాధపడే ప్రతి చిత్రకారుడూ ఈ పుస్తకాన్ని ముందు పెట్టుకుని చూడాలి. తప్పును చెరిపెయ్యాల్సిన పని లేకుండా, రాబోయే పేజీల్లో దానికి కారణం కల్పించడం ఎన్నోసార్లు సాధ్యమే.

ఇదే పుస్తకం 1971లో మళ్లీ మారింది. మొదటి రూపంలో కథ బ్రిటిష్ పాలనలోని పాలస్తీనాలో కొంత జరుగుతుంది. ఆ పరిస్థితులు పిల్లలకు తెలియవని బ్రిటిష్ ప్రచురణకర్తలు మార్పు కోరారు, హెర్జే దాన్ని ఖెమెద్ అనే కల్పిత రాజ్యానికి మార్చాడు. ‘నల్ల దీవి’ అనే ఇంకో టిన్‌టిన్ పుస్తకం విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. బ్రిటన్‌లో నడిచే ఆ కథలో 131 వివరాలు తప్పని అదే ప్రచురణ సంస్థ జాబితా పంపింది. హెర్జే సహాయకుడు బాబ్ డె మూర్ బ్రిటన్ వెళ్లి రైళ్లూ రోడ్లూ దుస్తులూ చూసి గీసుకొచ్చాడు, 1966లో కొత్త రూపం వచ్చింది. వివరాలన్నీ సరిపోయాయి. అయినా ముందరి రూపమే ఎక్కువ ఇష్టమనేవాళ్లు నేటికీ ఉన్నారు. వివరాల తప్పు దిద్దడానికీ కథలోని ఊపు నిలుపుకోవడానికీ మధ్య ఎప్పుడూ కొంత పెనుగులాట ఉంటుంది. ఒకటి గమనించాలి. ఈ రెండు మార్పులూ పూర్తయిన పుస్తకాలకు జరిగాయి. సగంలో ఉన్న కథకు కాదు.

తిరగగీయక తప్పని కారణాలు కొన్ని ఉన్నాయి, అవి పూర్తిగా సాంకేతికమైనవి. వాటిలో మొదటిది ఫైలు పరిమాణం. ఫోన్‌లో కిందికి జరుపుతూ చదివే వెబ్‌టూన్ పద్ధతిలో 800 పిక్సెళ్ల వెడల్పు సరిపోతుంది, దానికి అలవాటుపడి చాలామంది గీయడం కూడా ఆ కొలతలోనే గీసేస్తారు. పుస్తకం అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 800ను 300తో భాగిస్తే వచ్చేది రెండున్నర అంగుళాల పైచిలుకు. అంటే అరచేయంత బొమ్మ కూడా రాదు. ఏ4 పేజీ నిండాలంటే వెడల్పులో 2480 పిక్సెళ్లు ఉండాలి. పుస్తకం వేయాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ఈ తప్పు ముప్పయ్యో పేజీలో గమనిస్తే అక్కడే ఆగి మళ్లీ గీయడం మంచిది. మూడొందలో పేజీలో గమనిస్తే, ముందు ఇప్పటినుంచి పెద్ద కొలతలో గీయడం మొదలుపెట్టి, పాతవాటి సంగతి పుస్తకం నిజంగా ఖాయమైనప్పుడు చూసుకోవాలి.

తెలుగులో గీసేవాళ్లకు ఇంకో ప్రత్యేకమైన సంగతి ఉంది, దీన్ని ఎవరూ తగినంత పట్టించుకోవడం లేదు. తెలుగు కామిక్ చదవడానికి ఇబ్బందిగా ఉందంటే ఎన్నోసార్లు తప్పు బొమ్మది కాదు, అక్షరాలది. ఇంగ్లిష్ కామిక్‌లు చూసి నేర్చుకున్న డైలాగు బెలూన్ కొలతలో తెలుగు ఇమడదు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, కాబట్టి పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. అది ఇవ్వకపోతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి తలకట్టును గుద్దుతుంది. పాత ఫొటోషాప్ వెర్షన్లలో దక్షిణాసియా లిపులకు సంబంధించిన సెట్టింగ్ ఎంచుకోకపోతే ఒత్తులు అక్షరాల కిందికి చేరకుండా పొల్లులుగా విడిపోయి పక్కన కూర్చుంటాయి. వీటికితోడు, డైలాగులను బొమ్మతో కలిపేసి ఒకే లేయర్‌గా సేవ్ చేసి ఉంటే ఒక్క అక్షరం దిద్దాలన్నా బెలూన్ మళ్లీ గీయాలి.

అందుకే తెలుగులో గీసేవాళ్లు తిరగగీతకు ముందు తిరగరాత ప్రయత్నించాలి. పాత పేజీల్లో బెలూన్లు తెల్లగా చేసి, కొంచెం పెద్దవి చేసి, చదవడానికి హాయిగా ఉండే యూనికోడ్ ఫాంటులో సంభాషణలు మళ్లీ పేర్చాలి. అక్షరాలు విడి లేయర్‌లో ఉంచాలి. ఈ పనికి పేజీకి గంట పట్టినా, ఒక పేజీ మొత్తం మళ్లీ గీయడానికి పట్టే రోజుతో పోలిస్తే అది ఏపాటి? సంభాషణలు తిరగ్గా రాసేటప్పుడు అక్కర్లేని మాటలు రాలిపోతాయి, పాత్రల యాస స్థిరపడుతుంది, ముందు చెప్పడం మరిచిన సంగతి ఒక బెలూన్‌లో చేరిపోతుంది. వారపత్రికల్లో సీరియల్‌గా నడిచిన నవలను పుస్తకంగా తెచ్చేటప్పుడు మన రచయితలు చేసే దిద్దుబాటు కూడా ఇలాంటిదే. బొమ్మ ముట్టుకోకుండానే కథ సగం బాగుపడిన సందర్భాలు ఉంటాయి.

కథ ఇరవై ముప్పై పేజీల్లోనే ఉన్నవాళ్లకు ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. పునాది తప్పిందనిపిస్తే నిస్సంకోచంగా మళ్లీ మొదలుపెట్టవచ్చు, పోయేది తక్కువ. అసలు పెద్ద కథకు చెయ్యి చాలదన్న అనుమానం ఉన్నవాళ్లకు మిన్నా సుండ్‌బెర్గ్ దారి ఉంది. 2013లో ‘స్టాండ్ స్టిల్, స్టే సైలెంట్’ అనే పెద్ద కథకు దిగేముందు ఆమె అభ్యాసం కోసమనే ‘ఎ రెడ్‌టెయిల్స్ డ్రీమ్’ అనే వేరే కామిక్ గీసింది. అభ్యాసం కదా అని మధ్యలో వదిలెయ్యలేదు, చివరిదాకా గీసి ముగించింది. మొదలుపెట్టడం చాలామందికి వచ్చు. ముగించడం ముగిస్తేనే వస్తుంది.

మళ్లీ మళ్లీ మొదలుపెట్టే అలవాటు ఎంత గొప్పవాళ్లకైనా ఖరీదైనదే. జపాన్ కామిక్‌లకు పెద్దదిక్కు ఒసాము తెజుకా తన జీవితకాలపు కృతిగా భావించిన ‘ఫీనిక్స్’ను 1954లో మొదలుపెట్టాడు. పత్రికలు మారుతూ 1956లో ఒకసారి, 1967లో తన సొంత పత్రిక ‘కామ్’లో ఇంకోసారి మళ్లీ ఎత్తుకున్నాడు. ఇవాళ ప్రపంచం చదివేది ఎక్కువగా ఆ 1967 తర్వాతి రూపాన్నే, అందులో అనుమానం లేదు. కానీ 1989లో ఆయన చనిపోయేనాటికి అది పూర్తికాలేదు.

అన్నీ ఆలోచించాక మళ్లీ మొదలుపెట్టడమే సరైనదని తేలితే, పని వరస ఇలా ఉండాలి. ముందు కొత్త కథ ముగింపు దాకా రాసుకోవాలి, కనీసం ఘట్టాల పట్టిక రూపంలో. దాన్ని పాత పాఠకుల్లో నమ్మకమైన ఒకరిద్దరితో చదివించాలి. తర్వాత ఒక అధ్యాయం మొత్తం గీసి చేతిలో ఉంచుకోవాలి, అప్పటిదాకా ఏ ప్రకటనా చెయ్యకూడదు. ‘త్వరలో కొత్త రూపంలో’ అని ప్రకటించి ఆగిపోయిన కామిక్‌ల చిట్టా చాలా పొడవైనది. పేట్రియాన్ లాంటి చోట నెలనెలా డబ్బు ఇస్తున్న పాఠకులుంటే మాత్రం వాళ్లకు ముందే చెప్పాలి. ఆ నెల నుంచి వాళ్లు చెల్లించేది దేనికో తెలుసుకునే హక్కు వాళ్లకుంది. ఆగేముందు పాత కథకు చిన్నదో పెద్దదో ఒక మజిలీ ఇవ్వాలి. నడుస్తున్న సన్నివేశమైనా ముగించాలి.

పెట్టిన పేజీలను చడీచప్పుడు లేకుండా మార్చడం మాత్రం తగదు. మురాత కూడా వన్ పంచ్ మ్యాన్‌లో ఒకసారి పెట్టిన ఎపిసోడ్లను వెనక్కి తీసుకుని, సంఘటనలు సైతం మార్చి మళ్లీ గీసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కానీ ఏది అసలైన కథ, పోయినసారి చదివింది జరిగినట్టా జరగనట్టా అని పాఠకులు తికమకపడటం కూడా నిజమే. వెనక పెద్ద ప్రచురణ సంస్థ, లక్షల మంది పాఠకులు ఉన్న కామిక్ ఆ తికమకను తట్టుకోగలదు. నాలుగైదొందల మంది చదివే కామిక్ తట్టుకోవడం కష్టం. మార్చిన పేజీ కింద ‘ఈ పేజీ ఫలానా నెలలో మార్చబడింది’ అని ఒక్క పంక్తి రాస్తే సగం ఇబ్బంది తీరిపోతుంది.

పాత పేజీలు తీసెయ్యాలా వద్దా అన్నది చివరి చిక్కు. అవి కనిపించే చోట ఉంచడం ఇష్టం లేకపోతే ఒక మూలకు జరపవచ్చు, కానీ అసలు ఫైళ్లు లేయర్లతో సహా రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి, పాఠకులకు ఒక లింకైనా మిగల్చాలి. తెజుకాకు తొలిరోజుల్లో పేరు తెచ్చిపెట్టిన ‘కొత్త నిధి దీవి’ 1947లో వచ్చింది. అది ఆయనకు తృప్తినివ్వలేదు. 1984లో తన సమగ్ర రచనల సంపుటాల కోసం దాన్ని మొత్తం మళ్లీ గీశాడు, సంపుటాల్లో చేరింది ఆ కొత్త రూపమే. 1947 నాటి రూపాన్ని ఉన్నదున్నట్టు చూడాలని పాఠకులు కోరుకుంటూనే ఉన్నారు. 2009లో, ఆయన పోయిన 20 ఏళ్లకు, అది మళ్లీ అచ్చయింది.